ఇంట్లో వుడ్ లేత్ పెట్టాలంటే: మిషన్ కంటే ముందు గది

అందరికీ నమస్కారమండీ. కర్రను గుండ్రంగా తిప్పుతూ ఉలితో చెక్కే మిషన్, అదే లేత్, కొందామనుకుంటున్నారా? ఏ మోడల్ అన్నది తర్వాత చూద్దాం. ముందు అది నిలబడే చోటు తేల్చుకోవాలి.

కింది అంతస్తు గది దొరికితే అదే మేలు. అపార్ట్‌మెంట్‌లో అయితే మిషన్ అదురు స్లాబ్ గుండా కింది ఇంటికి దిగుతుంది. సాయంత్రానికల్లా వాళ్లు వచ్చి బెల్ కొడతారు! డాబా మీద రేకుల షెడ్ వేసుకోవచ్చు గానీ, వానాకాలం తేమకి బెడ్, అంటే మిషన్ కింది పొడవాటి ఇనుప భాగం, తుప్పు పడుతుంది. పని అయ్యాక నూనె గుడ్డతో తుడుచుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి, ఎత్తు. నిటారుగా నిలబడి మోచెయ్యి మడవండి. నేల నుంచి మోచేతి దాకా టేపుతో కొలవండి. కర్ర తిరిగే ఇరుసు, అంటే స్పిండిల్ మధ్య భాగం, దాదాపు ఆ ఎత్తులో ఉండాలి. చూడాల్సింది టేబుల్ ఎత్తు కాదండీ, ఇరుసు ఎత్తు. మోచెయ్యి 42 అంగుళాల దగ్గర ఉండి, మిషన్ అడుగు నుంచి ఇరుసు దాకా 10 అంగుళాలు ఉంటే, స్టాండ్ 32 అంగుళాలకి చేయించాలి. ఇరుసు మరీ కిందికి ఉంటే వంగి పనిచేయాలి, గంటకే నడుం పట్టేస్తుంది.

వెల్డింగ్ షాపులో స్టాండ్ చేయించేటప్పుడు కాళ్లు కాస్త బయటికి వాలుగా పెట్టించండి. కింద ఒక అర వేయించి ఇసుక బస్తాలు పేర్చండి. ఖరీదైన స్టాండ్ కంటే ఈ బస్తాలే అదురును బాగా ఆపుతాయని నా అభిప్రాయం.

కరెంటుకి ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు. ఎర్తింగ్ సరిగ్గా ఉన్న 16 ఆంప్స్ పాయింట్ ఒకటి విడిగా వేయించండి. అలాగే పాత చోక్ ట్యూబ్‌లైట్ ఒక్కటే నమ్ముకోకండి. దాని మినుకుకి, తిరుగుతున్న కర్ర ఒక్కోసారి ఆగినట్టు కనిపిస్తుంది. మంచి ఎల్‌ఈడీ దీపం పక్కనుంచి పడేలా పెడితే గీతలు కూడా తెలుస్తాయి.

గ్లవ్స్, చున్నీ, కండువా, పొడుగు చేతులు, ఏవీ వద్దు, కర్ర లాగేసుకుంటుంది. కళ్లజోడు చాలదు, ముఖమంతా కప్పే షీల్డ్ కావాలి. సాండ్‌పేపర్ పట్టేటప్పుడు ఎన్95 మాస్క్ తప్పనిసరి, ఆ సన్న దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఉలికి పదును పెట్టే గ్రైండర్‌ని మాత్రం లేత్‌కి రెండడుగుల దూరంలోనే పెట్టండి. దూరంగా ఉంటే బద్ధకించి మొద్దు ఉలితోనే లాగించేస్తాం.

మొదట్లో మెత్తటి కర్ర తీసుకోండి. ఏటికొప్పాక బొమ్మలు చేసేవాళ్లు వాడేది అంకుడు కర్ర. అది దొరక్కపోతే టింబర్ డిపోలో పనికిరాక పక్కన పడేసిన ముక్కలైనా చాలు, పగుళ్లు, మేకులు లేకుండా చూసుకోండి.

ముక్క బిగించాక టూల్ రెస్ట్‌కి, అంటే ఉలి ఆనించే కమ్మీకి, తగలకుండా ఉందో లేదో ఒకసారి చేత్తో తిప్పి చూడండి. స్పీడ్ బాగా తగ్గించి, కర్ర ఎగిరే దారిలో నిలబడకుండా పక్కకి జరిగి స్విచ్ వేయండి. అదిరితే వెంటనే ఆపేయండి. గుండ్రంగా వచ్చాకే స్పీడ్ పెంచాలి. ఉలి కింద పొడవాటి చుట్టలు వస్తున్నాయా, బాగుంది. పొడి రాలుతుంటే ఆపి, గ్రైండర్ దగ్గరికి వెళ్లండి.