వంకాయ కోస్తేనే తెలిసేది: పాశ్చాత్య తత్త్వశాస్త్రం మొదటిసారి వినేవాళ్లకి

మొన్న ఒకాయన వాట్సాప్ స్టేటస్ చూశాను. సూర్యోదయం ఫొటో, దాని మీద పెద్ద అక్షరాలతో "నేను ఆలోచిస్తున్నాను, కాబట్టి నేను ఉన్నాను." కింద గుడ్ మార్నింగ్. ఇదే వాక్యం ఇంకోచోట కనిపిస్తే, దాని కింద ఎవరో కామెంట్ పెట్టారు: "మనవాళ్లు ఎప్పుడో చెప్పారండీ, యద్భావం తద్భవతి అని."

కాదండీ. ఆ రెండూ ఒకటి కాదు, కనీసం దూరపు చుట్టాలు కూడా కాదు. యద్భావం తద్భవతి అంటే ఏది భావిస్తే అదే అవుతుందని. ఈ వాక్యంలో ఏదో అవ్వడం లేదు, ఎదగడం లేదు, పాజిటివ్ థింకింగ్ అసలే లేదు. ఒక మనిషి తనకి తెలుసనుకున్నవన్నీ ఒక్కొక్కటే పక్కన పడేసుకుంటూ పోతే, చివరికి చేతిలో మిగిలిన ఒకే ఒక్క ముక్క అది. గుడ్ మార్నింగ్ చెప్పే మూడ్‌లో ఉన్నవాడి మాట కాదు.

ఈ చిరాకుతోనే ఈ వీడియో. మనకి ఫిలాసఫీ అనగానే సూక్తులు గుర్తొస్తాయి. లేదంటే "మెట్ట వేదాంతం ఆపు" అనే తిట్టు గుర్తొస్తుంది. అంటే వయసు మీద పడ్డాకో, లవ్ ఫెయిలయ్యాకో మాట్లాడే మాటలన్నమాట. పాశ్చాత్య తత్త్వశాస్త్రం జోలికి కొత్తగా వెళ్లేవాళ్లకి ఇదే మొదటి అడ్డంకి. ఎవరేమన్నారో లిస్టు రాసుకుంటే ఒక్క ముక్క ఎక్కదు. ఎవరి మాటకి ఎవరు అడ్డం తగిలారో చూస్తే, ఎక్కుతుంది.

(స్క్రీన్ మీద: గంప నిండా వంకాయలు)

ఆ వాక్యం రాసినాయన రెనే దెకార్త్, ఫ్రాన్స్ దేశస్థుడు, 1596లో పుట్టాడు. స్పెల్లింగ్ చూసి డెస్కార్టెస్ అనేవాళ్లం, నేనూ అన్నాను చాలాకాలం. గ్రాఫ్ పేపర్ మీద ఎక్స్ అక్షం, వై అక్షం గీశారు కదా, దాన్ని కార్టీజియన్ అనేది ఈయన పేరు మీదే. ఈయన ఒక పోలిక చెప్పాడు. నీ దగ్గర గంపెడు ఆపిల్ పండ్లున్నాయి. కొన్ని కుళ్లాయని అనుమానం. కుళ్లినవి మిగతావాటిని కూడా పాడుచేస్తాయి. ఏం చేస్తావు? గంప మొత్తం కింద బోర్లించి, ఒక్కొక్కటే చూసి, బాగున్నవే మళ్లీ గంపలో వేస్తావు. మన నమ్మకాలతో కూడా అదే చేద్దాం అన్నాడు.

పోలిక బాగుంది. కానీ ఆపిల్ కుళ్లితే చాలాసార్లు పైకే తెలిసిపోతుంది. నన్నడిగితే ఆయన వంకాయ అనాల్సింది. వంకాయ పైకి నిగనిగలాడుతూ ఉంటుంది, కోస్తే లోపల పురుగు. మన నమ్మకాలు అచ్చం అలాంటివే. నిగనిగలాడేవాటినే ముందు కోయాలి.

అసలు ఈ కోసే అలవాటు దెకార్త్‌తో మొదలవలేదు. రెండువేల ఏళ్ల వెనక్కి, ఏథెన్స్‌కి వెళ్దాం. సోక్రటీస్. ఆయన తన చేత్తో ఒక్క పుస్తకమూ రాయలేదు. మనకి తెలిసిందంతా ఎక్కువగా శిష్యుడు ప్లేటో రాసిన సంభాషణల వల్లే. వాటిలో ఒకదాంట్లో లాకెస్ అనే సైన్యాధిపతిని ధైర్యం అంటే ఏంటని అడుగుతారు. ఆయనకిది చాలా తేలిక ప్రశ్న. వరసలో నిలబడి, పారిపోకుండా శత్రువుతో పోరాడేవాడే ధైర్యవంతుడు అంటాడు. నిగనిగలాడే వంకాయ. సోక్రటీస్ కోస్తాడు: మరి సిథియన్ గుర్రపు సైనికులు పరిగెడుతూనే పోరాడతారు కదా, వాళ్లకి ధైర్యం లేదా? లాకెస్ సర్దుకుని, సరే, ధైర్యమంటే మనసు ఓర్చుకుని నిలబడటం అంటాడు. సోక్రటీస్ మళ్లీ: మూర్ఖంగా ఓర్చుకుని నిలబడినా ధైర్యమేనా? ఆ సంభాషణ జవాబు దొరక్కుండానే ముగుస్తుంది. జీవితమంతా యుద్ధాల్లో గడిపిన మనిషికి ధైర్యమంటే ఏంటో చెప్పడం రాలేదు!

మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇంత చదివించి జవాబు చెప్పరేంటి అని. తర్వాత అర్థమైంది, ఆయన వంకాయలు అమ్మడానికి రాలేదు. మనం గంపలో పెట్టుకున్నవి కోసి చూపించడానికి వచ్చాడు. ఇలా ఊళ్లో పెద్దమనుషుల వంకాయలన్నీ నడివీధిలో కోస్తే ఊరుకుంటారా? క్రీస్తుపూర్వం 399లో, యువకుల్ని చెడగొడుతున్నాడనీ, ఊరి దేవుళ్లని ఒప్పుకోవడం లేదనీ కేసు పెట్టి మరణశిక్ష వేశారు. విషం తాగి చనిపోయాడు.

ప్లేటో, అరిస్టాటిల్ గురించి ఒక్క నిమిషంలో. పొడుగు వంకాయ ఉంది, గుండ్రటిది ఉంది, తెల్లది ఉంది, ఆకుపచ్చది ఉంది. ఇన్నిటినీ వంకాయ అనే ఎందుకంటున్నాం? అన్నిట్లో ఏదో వంకాయతనం ఉంది. ఆ వంకాయతనం ఎక్కడుంది? ఈ కూరగాయలకి అతీతంగా, మార్పు లేకుండా వేరే ఉందని ప్లేటో. అలా విడిగా ఎక్కడా లేదు, ఈ వంకాయల్లోనే ఉందని ఆయన శిష్యుడు అరిస్టాటిల్. వాటికన్‌లో రాఫెల్ వేసిన గోడచిత్రం ఒకటుంది. అందులో ప్లేటో వేలు పైకి చూపిస్తుంటాడు, అరిస్టాటిల్ అరచెయ్యి నేలవైపు చాపి ఉంటాడు. ఇద్దరి గొడవా ఆ రెండు చేతుల్లో ఉంది. ప్లేటో నిజానికి వంకాయల కంటే న్యాయం, అందం లాంటివాటి గురించి ఎక్కువ బాధపడ్డాడు, అది గుర్తుంచుకోండి. పరీక్షలో వంకాయతనం అని రాసి నా పేరు చెప్పకండి.

మళ్లీ దెకార్త్ దగ్గరికి. 1641లో ‘మెడిటేషన్స్’ అనే పుస్తకం వేశాడు. పేరు చూసి శ్వాస మీద ధ్యాస అనుకోకండి. గంప బోర్లించేది ఇందులోనే. మొదట కోసింది కళ్లు, చెవులు చెప్పే సంగతుల్ని. దూరం నుంచి గుండ్రంగా కనిపించిన గోపురం దగ్గరికెళ్తే నలుచదరంగా ఉంటుంది. ఒకసారి మోసం చేసినవాడిని పూర్తిగా నమ్మలేం. సరే, దూరం సంగతి వదిలేయ్, ఇప్పుడు నేను పొయ్యి పక్కన కూర్చుని ఉన్నానన్నది నిజమే కదా? కలలో కూడా అలాగే అనిపిస్తుందే. మరి రెండూ మూడూ కలిపితే ఐదు? అది కలలో కూడా ఐదే. ఇక్కడ ఆయన పెద్ద కత్తి తీస్తాడు. మహా శక్తిమంతుడైన మాయావి ఒకడున్నాడనుకుందాం. వాడి పనల్లా నన్ను మోసం చేయడమే. ఆకాశం, భూమి, నా చేతులు, కళ్లు, అన్నీ వాడు చూపించే భ్రమలే. ఇప్పుడు గంపలో ఏం మిగిలింది?

ఏమీ లేదు. ఒక్కటి తప్ప. మోసపోవడానికైనా ఒకడు ఉండాలి కదా!

వాడు ఎంత మోసం చేసినా, నేను లేనని నన్ను నమ్మించలేడు. నమ్మడానికి నేనుండాలి. ఇదీ ఆ గుడ్ మార్నింగ్ వాక్యం. తమాషా ఏంటంటే ఆ వాక్యం అదే రూపంలో ఈ పుస్తకంలో కనిపించదు, 1637లో ఫ్రెంచ్‌లో వేసిన ఇంకో పుస్తకంలో ఉంటుంది. ఇక్కడ "నేనున్నాను" అని మాత్రమే తేలుస్తాడు. అదీ నేనలా అనుకుంటున్నంతసేపు. చొక్కా వేసుకుని, స్టేటస్ పెట్టే మనిషి ఉన్నాడని కాదు. చేతులున్నాయో లేవో ఇంకా తేలలేదు.

నాకు ఈ పుస్తకంలో బాగా నచ్చే విషయం ఇంకోటి ఉంది. అచ్చు వేయకముందే రాతప్రతిని పండితులకి పంపి, తప్పులు పట్టండి అన్నారు. వాళ్ల అభ్యంతరాలు, దెకార్త్ జవాబులు అన్నీ కలిపే పుస్తకంలో అచ్చేశారు. హాబ్స్, గాసెండి లాంటి పెద్ద తలకాయలున్నాయి అందులో. ఆ ఆపిల్ గంప పోలిక కూడా 1642లో రెండో ముద్రణలో ఒక అభ్యంతరానికి రాసిన జవాబులోదే. తనని తిట్టినవాళ్ల మాటలు తన పుస్తకంలోనే!

ఆ అభ్యంతరాల్లో ఆర్నో అనే ఆయనది చూడండి. దెకార్త్ ఏమన్నాడంటే, నా బుద్ధికి స్పష్టంగా తోచింది నిజమే, ఎందుకంటే దేవుడున్నాడు, ఆయన మోసం చేయడు. మరి దేవుడున్నాడని ఎలా తెలుసు? బుద్ధికి స్పష్టంగా తోచింది కాబట్టి. అంటే కత్తి పదునుకి హామీ దేవుడు, ఆ దేవుణ్ణి నిరూపించింది అదే కత్తితో. దెకార్త్ దీనికి జవాబిచ్చాడు. అది సరిపోయిందా లేదా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు.

ఇంకొకరు ఎలిజబెత్, బొహీమియా రాకుమారి. 1643లో, 24 ఏళ్ల వయసులో ఉత్తరం రాసింది. మనసు వేరు, శరీరం వేరు అంటున్నారు కదా, మనసుకి బరువు లేదు, ఆకారం లేదు. మరి చెయ్యి ఎత్తాలని అనుకోగానే చెయ్యి ఎలా లేస్తోంది? తాకకుండా తోసేదెలా? దెకార్త్ ఏదో సర్దిచెప్పాడు, ఆమె వినలేదు, మళ్లీ రాసింది. ఆ ఉత్తరాలు ఆయన చనిపోయేదాకా నడిచాయి. నా లెక్కన ఈ మొత్తం కథలో అన్నిటికంటే సూటి ప్రశ్న అదే. ఆమె మీద విడిగా వీడియో చేస్తాను, ఇది మాట.

టైమ్ అయిపోతోంది, కొంచెం స్పీడ్ పెంచుతాను.

లాక్, ఇంగ్లండు. పుట్టినప్పుడు గంప ఖాళీ, అందులో పడేదంతా అనుభవం నుంచే అన్నాడు. సరే. ఆ తర్వాత వచ్చినవాడు డేవిడ్ హ్యూమ్, స్కాట్లాండ్. తన మొదటి పుస్తకం దెకార్త్ చదువుకున్న లా ఫ్లెష్ అనే ఊళ్లోనే కూర్చుని రాశాడు. 1739లో వచ్చింది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అచ్చులోంచి చచ్చి పుట్టిందని తనే రాసుకున్నాడు పాపం. ఆయన ప్రశ్న మన గంపతో చెప్తా. ఒక కొట్లో వంద వంకాయలు కొన్నారు, ఒక్కదాంట్లోనూ పురుగు లేదు. నూటఒకటోది బాగుంటుందని ఎలా తెలుసు? ఇప్పటిదాకా బాగున్నాయి కాబట్టి. ఇప్పటిదాకా జరిగిందే ఇకముందూ జరుగుతుందని ఎలా తెలుసు? ఇప్పటిదాకా అలాగే జరిగింది కాబట్టి! మళ్లీ అదే కత్తి. రేపు సూర్యుడు ఉదయిస్తాడన్న నమ్మకం కూడా తర్కం వల్ల రాలేదు, అలవాటు వల్ల వచ్చింది అంటాడు.

"మనవాళ్లు ఎప్పుడో చెప్పారు" అనాలని నోరు దురదగా ఉంటే, ఇదిగో, ఇక్కడ అనండి. పొగ చూసి నిప్పుందని ఎలా ఊహిస్తారు, అన్నిచోట్లా అన్ని కాలాల్లో చూశారా అని చార్వాకులు, అంటే కంటికి కనిపించిందే నమ్ముతాం అన్న మన పాతకాలపు వాదులు, అడిగారు. నిప్పు లేనిదే పొగ రాదు అని మనం సామెతగా వాడేసుకునేదాన్ని వాళ్లు కోసి చూశారు, మన తర్కశాస్త్ర పండితులైన నైయాయికులు వాళ్లతో వాదించారు. ఇది నిజంగా చుట్టరికం ఉన్న చోటు.

కాంట్. జర్మన్, కోనిగ్స్‌బర్గ్ ఊరు, ఇప్పుడది రష్యాలో కలినిన్‌గ్రాడ్. హ్యూమ్ తనని నిద్ర లేపాడని చెప్పుకున్నాడు. 1781లో పెద్ద పుస్తకం రాశాడు. మార్కెట్లో ఎర్ర టార్పాలిన్ కింద టమాటాలు ఇంకా ఎర్రగా కనిపిస్తాయి కదా, ఇంటికి తెస్తే అసలు రంగు తెలుస్తుంది. కాంట్ ఏమంటాడంటే, స్థలం, కాలం, కారణం అనేవి మన బుద్ధి వేసుకున్న టార్పాలిన్. దాని కింది నుంచి బయటికి రావడం కుదరదు, కూరగాయల అసలు రంగు మనకి ఎప్పటికీ తెలియదు. కానీ దాని కింద కనిపించేదానికి మాత్రం ఖచ్చితమైన నియమాలుంటాయి. చాలా కుదించేశాను, కాంట్ చదివినవాళ్లు తిట్టుకుంటున్నారని తెలుసు.

హెగెల్, మార్క్స్, నీషే, విట్‌గెన్‌స్టైన్ మిగిలిపోయారు. ఒక్కొక్కరికి పది సెకన్లిస్తే మళ్లీ స్టేటస్‌లే తయారవుతాయి, అందుకే ఇవ్వను. వచ్చే వీడియో ఎలిజబెత్ ఉత్తరాల మీద. ఈలోపు కింద ఎవరైనా మళ్లీ యద్భావం తద్భవతి అని కామెంట్ పెడితే నేను జవాబు రాయను. కత్తి మీ చేతికిచ్చాను, మీరే చూసుకోండి.