మీసాలు పెంచిన కవులూ, క్వీన్స్‌బ్రిడ్జ్ కుర్రాడూ

అందరికీ నమస్కారమండి. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ అధ్యక్షులవారు ఇప్పుడే చదివారు కాబట్టి నేను మళ్ళీ చదవను, ఆ రెండు నిమిషాలూ నాకు కావాలి. గ్రంథాలయ వార్షికోత్సవం కదా, యువతరం, పఠనాభిరుచి అని కార్డులో నా పేరు పక్కన వేశారు. దాని గురించే మాట్లాడతాను, కాకపోతే ఒక రాపర్ మీదుగా, అంటే తాళం మీద ప్రాసలు కట్టి మాటలు చెప్పే పాటగాడి మీదుగా వస్తాను. మాష్టారూ, రాప్ అంటే మీకు పడదని తెలుసు, లేవకండి, కూర్చోండి. మీరు వినాలనే వచ్చాను.

ఆయన పేరు నాస్. పూర్తి పేరు నాసిర్ జోన్స్, 1973లో పుట్టాడు. న్యూయార్క్‌లో క్వీన్స్‌బ్రిడ్జ్ అని ప్రభుత్వం కట్టించిన పెద్ద కాలనీ ఉంది, అక్కడ పెరిగాడు. తండ్రి ఓలూ దారా కార్నెట్ అని ట్రంపెట్ లాంటి వాయిద్యం వాయించే సంగీతకారుడు. కుర్రాడు ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. 1994 ఏప్రిల్‌లో, ఇరవై ఏళ్ళ వయసులో, ‘ఇల్‌మాటిక్’ అనే ఆల్బమ్ తెచ్చాడు. పది ట్రాకులు, అన్నీ కలిపి నలభై నిమిషాలు కూడా ఉండవు. ఆ తర్వాత ఎన్నో ఆల్బమ్‌లు చేశాడు, 2021లో గ్రామీ కూడా వచ్చింది, అవన్నీ ఫోన్‌లో దొరుకుతాయి, చూసుకోండి. నాకు చెప్పాలనున్నది పాటల గురించి.

‘ఇల్‌మాటిక్’లో ఏడో పాట ‘వన్ లవ్’. క్యూ-టిప్ అనే ఆయన సంగీతం చేశాడు, పల్లవి కూడా ఆయనే పాడాడు. పాట మొత్తం ఉత్తరం. జైల్లో ఉన్న స్నేహితుడికి బయట ఉన్నవాడు రాస్తున్నాడు. నీకు కొడుకు పుట్టాడట, నీ పోలికేనట అంటాడు. మరి నీ ఆవిడ నీకెందుకు రాయడం లేదు అని అడుగుతాడు. వెళ్ళి చూసి రమ్మని చెప్తే నా మీదే లేచింది, నీకు పడనివాళ్ళతోనే తిరుగుతోంది అంటాడు. వీధిలో ఎవరి మేనకోడలికి తూటా తగిలిందో, ఏ కుర్రాడు మత్తుమందు అమ్మడం మొదలెట్టాడో, అన్నీ ఒక్క ఊపిరిలో.

ఇది విన్నప్పుడల్లా నాకు మా ఇంటి టేప్‌రికార్డర్ గుర్తొస్తుందండి. మా పిన్ని కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. రాజోలు, అమలాపురం, నరసాపురం చుట్టుపక్కల వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, మీలో చాలామంది ఇళ్ళలోనూ ఆ క్యాసెట్లు ఉండే ఉంటాయి. పిన్నికి చదువు రాదు, అందుకని ఉత్తరం బదులు క్యాసెట్ వెళ్ళేది, కువైట్ వెళ్తున్న ఎవరో ఒకరు సంచిలో పెట్టుకుని పట్టికెళ్ళేవారు. మా అమ్మ ఎర్ర బొత్తామూ దాని పక్క బొత్తామూ కలిపి నొక్కేది. కొబ్బరికాయ ధర చెప్పేది, గేదె ఈనిందని చెప్పేది, పిన్ని కొడుకుని దగ్గరికి లాగి ‘అమ్మా బాగున్నావా అను’ అనేది. వాడు టేప్‌లోకి నోరు పెట్టి మరీ అరిచేవాడు. బాబాయి సంగతి రాబోయేసరికి మాత్రం టక్కున ఆపేసేది. పిన్ని పంపిన డబ్బులు తాగేస్తున్నాడని, ఆమె గాజులు కుదువ పెట్టేశాడని ఊరంతటికీ తెలుసు. అమ్మ కాసేపు గోడ వైపు చూసి, మళ్ళీ నొక్కి, ‘మీ ఆయన బాగానే ఉన్నాడే’ అని అందుకునేది.

మా అమ్మ దాచినదే నాస్ చెప్పేశాడు. రెండూ ప్రేమేనండి, నాకు అందులో అనుమానం లేదు. కానీ దూరంలో ఉన్న మనిషికి నిజం చెప్పాలంటే ఎంత గుండె కావాలో ఆ పాట విన్నాకే తెలిసింది. మూడో చరణం ఇంకా కష్టం. అందులో ఆయన పన్నెండేళ్ళ పిల్లాడితో బెంచీ మీద కూర్చుంటాడు. పిల్లాడు అప్పటికే తుపాకీ, మత్తు వ్యవహారాల్లో ఉన్నాడు. నాస్ వాడికి నీతులు చెప్పడు. వాడి పక్కనే కూర్చుని, వాడు చెప్పేదంతా విని, వీధి భాషలోనే నాలుగు జాగ్రత్తలు చెప్పి, పైకి ఎదగడానికి చూడు, పోలీసుల మీద ఓ కన్నేసి ఉంచు అని చెప్పి, లేచి వెళ్ళిపోతాడు. అంతే. నేనైతే అరగంట క్లాసు పీకేవాణ్ణి.

ఇంకో రెండు చెప్పి ముందుకెళ్తాను. ‘ఐ గేవ్ యూ పవర్’, 1996. తుపాకీయే తన కథ చెప్పుకుంటుంది. చంపి చంపి విసిగి, చివరికి ఒకసారి పేలకుండా మొరాయిస్తుంది, యజమాని చచ్చిపోతాడు, ఈలోపు ఇంకొకడు వచ్చి దాన్ని చేతిలోకి తీసుకుంటాడు. ‘రివైండ్’, 2001. కథ చివర్నుంచి మొదటికి నడుస్తుంది, తూటా వెనక్కి వెళ్ళి తుపాకీలో దూరుతుంది. కథలు రాసే పిల్లలు ఈ రెండూ తప్పకుండా వినాలి.

ఇప్పుడు మాష్టారి మాటకొస్తాను. రాప్‌లో అంతా పొగరే, నేనే గొప్ప అనే గోలే అని మీరు చాలాసార్లు అన్నారు. తిరుపతి వేంకట కవులు మనవాళ్ళే కదండీ! తిరుపతి శాస్త్రిగారిది భీమవరం దగ్గర యండగండి, చెళ్ళపిళ్ళ వారిది కడియం. మీసాలెందుకు పెంచారయ్యా అంటే ఏమన్నారు? రెండు భాషల్లోనూ మేమే కవీంద్రులమని తెలియడానికి పెంచాం, రోషముంటే వచ్చి గెలవండి, గెలిస్తే ఈ మీసాలు తీసేసి మీ కాళ్ళకి మొక్కుతాం అని పద్యమే చెప్పారు. ఆ పద్యం మాకు నేర్పింది మీరే మాష్టారూ, చెప్తూ మీరు మీసం దువ్వుకునేవారు కూడా. సభలో సవాలు విసిరి, అప్పటికప్పుడు కవిత్వం చెప్పి నిలబడటం మన జిల్లాల్లో పుట్టి పెరిగిన విద్య. ఊళ్ళో వాళ్ళ నాటకం వేస్తే ‘జెండాపై కపిరాజు’కి వన్స్ మోర్ కొట్టని వాళ్ళెవరున్నారిక్కడ?

‘ఎన్‌వై స్టేట్ ఆఫ్ మైండ్’ అని అదే ‘ఇల్‌మాటిక్’లో ఉంది, పెట్టుకుని వినండి. డీజే ప్రీమియర్ చేసిన పియానో మోగుతుంటుంది, ఎలా మొదలెట్టాలో తెలియడం లేదని నాస్ గొణుగుతాడు, రికార్డులో అలాగే ఉంచేశారు. మరుక్షణం ఎత్తుకుంటాడు, ఇక ఆగడు. మంకీ ఫ్లిప్ ఎమ్, ఫంకీ రిథమ్. మ్యుజీషియన్, ఇన్‌ఫ్లిక్టిన్, కంపోజిషన్. ప్రాస పాదం చివర ఒక్కచోటే కాదు, లోపల లోపల పడుతుంది, మీరు మాకు ద్వితీయాక్షర ప్రాస చెప్పినప్పుడు చెవి ఎలా పెట్టమన్నారో అలా పెడితేనే దొరుకుతుంది. నిద్ర చావుకి చుట్టం కాబట్టి నిద్రపోను అనేది కూడా ఆ పాటలోనే. బూతులున్నాయి, నిజమే. మన చాటువుల్లో లేవా? అమ్మానాన్నలు పక్కనుండగా స్పీకర్‌లో పెట్టకండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, అంతే.

ఇంతకీ నేను ఇదంతా ఎందుకు ఎత్తుకున్నానంటే, పోయిన ఉగాదికి ఒక కవి సమ్మేళనానికి వెళ్ళాను. ఎక్కడో చెప్పను. ఇంటర్ చదివే కుర్రాడొకడు రాప్ రాసుకొచ్చాడు. వాళ్ళ నాన్నది రొయ్యల చెరువు. వైట్ స్పాట్ తెగులు తగిలి, రొయ్యలు పూర్తిగా ఎదక్కుండానే పట్టేసి అమ్మేశారు. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. ‘కౌంటు వంద దగ్గరాగింది, నాన్న అకౌంటు సున్నా దగ్గరాగింది’ అన్నాడు వాడు. రాత్రి కరెంటు పోతే చెరువు నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోయిన చప్పుడు గురించి అందుకోబోతుంటే మైకు కట్టేశారు. ఇది కవిత్వం కాదు బాబూ, దిగు అన్నారు. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని దిగిపోయాడు. వాడి తర్వాత వచ్చినాయన వసంత లక్ష్మి మీద పావుగంట చదివారు, ఎవరూ ఆపలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదండి. ఆక్వా రైతు బిడ్డ తన చెరువు గురించి తన భాషలో ప్రాస కట్టి చెప్తే అది కవిత్వం కాకపోతే మరేది కవిత్వం? చెప్పండి, మీరే చెప్పండి.

‘ఇల్‌మాటిక్’లో మూడో పాట చివర కార్నెట్ వినిపిస్తుంది. అది నాస్ తండ్రి వాయించింది. బడి మానేసిన కొడుకు పాటలోకి ఆ తండ్రి వచ్చి తన వాయిద్యం వాయించి వెళ్ళాడు. పెద్దలు చెయ్యాల్సింది అదేనని నా మనవి. ఇంకొకటి, ఇది గ్రంథాలయ సభ కాబట్టి తప్పక చెప్పాలి. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉంది కదా, వాళ్ళు శాశ్వతంగా దాచాల్సిన రికార్డింగుల జాబితాలో 2021లో ఈ ఆల్బమ్‌ని చేర్చారు. హార్వర్డ్ యూనివర్సిటీలో 2013లో నాస్ పేరు మీద ఫెలోషిప్ కూడా పెట్టారు.

అందుకని కార్యదర్శిగారూ, నాదొక్కటే కోరిక. వచ్చే ఉగాదికి మన గ్రంథాలయంలో జరిగే కవి సమ్మేళనంలో రాప్ రాసే పిల్లలకి అరగంట కేటాయించండి. బీట్ పెట్టుకోవడానికి బ్లూటూత్ స్పీకర్ నేను తెస్తాను. చెరువు కుర్రాడితో ఇప్పటికే మాట్లాడాను, వస్తానన్నాడు, మొదటి పేరు వాడిదే రాసుకోండి. మాష్టారూ, ఆ అరగంటకి అధ్యక్షత మీరు వహించాలి.