సాల్ట్‌మార్ష్ ఓడ మన తీరానికి వస్తే: ఒక సముద్రపు దొంగల ఆట పుస్తకం సమీక్ష

నమస్కారం. ఈ వీడియోలో నేను సమీక్షిస్తున్న పుస్తకం ‘గోస్ట్స్ ఆఫ్ సాల్ట్‌మార్ష్’. పాత్రలు ధరించి పాచికలు వేస్తూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట ఐదవ ఎడిషన్ కోసం విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ దీనిని 2019లో ప్రచురించింది. 1980ల తొలినాళ్లలో వచ్చిన మూడు సాహసాలకు, అంటే ఆడదగిన కథలకు, ‘డంజన్’ పత్రికలో వచ్చిన మరో నాలుగింటిని చేర్చి, చివర ఓడల నియమాలనూ సముద్ర జీవుల వివరాలనూ జోడించిన సంకలనం ఇది. నా తీర్పు ముందే చెబుతాను. ఓడల నియమాల కోసం ఈ పుస్తకం కొనదగినదే; కానీ అందులోని జీవులనూ మంత్రాలనూ చరిత్రనూ తిరుపతిలో కూర్చుని ఆడే మనవంటి వారు మార్చుకోవలసి ఉంటుంది. పేరు మార్చినంత మాత్రాన మార్పు జరిగినట్టు కాదు. కొత్తగా తెచ్చిన జీవి గాని, మంత్రం గాని, చారిత్రక విషయం గాని ఆటగాళ్ల చేత వేరొక నిర్ణయం తీసుకునేలా చేయకపోతే, దానిని తేవడం వల్ల ప్రయోజనం లేదు.

ముందు ఓడ సంగతి. ఇక్కడ ఓడ కూడా ఒక పాత్రలాగే లెక్కలోకి వస్తుంది. సెయిలింగ్ షిప్ అనే మధ్యరకం ఓడ దేహానికి 300 హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె), తెరచాపలకు 100, చుక్కానికి 50 ఉంటాయి. దేహానికి ఒక్క దెబ్బలో 15 కంటే తక్కువ నష్టం తగిలితే అది లెక్కకు రాదు. తెరచాపలకు 25 నష్టం జరిగిన ప్రతిసారీ వేగం 10 అడుగులు తగ్గుతుంది. అన్నిటికంటే నాకు నచ్చినది కళాసుల లెక్క. నిండా కళాసులుంటే ఓడ ఒక వంతులో 3 పనులు చేయగలదు, 20 మంది కంటే తగ్గితే 2, పదిమంది కంటే తగ్గితే ఒక్కటే. దానికి తోడు కళాసుల సమర్థతకు, విధేయతకు ఒక అంకె ఉంటుంది. అది సాధారణంగా +4తో మొదలై, కెప్టెన్ ప్రవర్తనను బట్టి −10 దాకా దిగజారవచ్చు. ఇందువల్ల మనుషులను పోగొట్టుకున్న కెప్టెన్ తరువాతి యుద్ధంలో ఆ నష్టాన్ని స్వయంగా అనుభవిస్తాడు. లోటు ఒక్కటే: ఈ ఓడల మీద పెద్ద బాణాలు వేసే బాలిస్టాలు, రాళ్లు విసిరే మాంగొనెల్‌లు ఉంటాయి గాని ఫిరంగులు ఉండవు. ఫిరంగి కావాలంటే ఆట నడిపేవారి కోసం రాసిన డంజన్ మాస్టర్స్ గైడ్ నుంచి తెచ్చుకోవాలి. అక్కడ నింపడానికి, గురిపెట్టడానికి, పేల్చడానికి వేర్వేరుగా ఒక్కొక్క పని ఖర్చవుతుంది కాబట్టి కళాసుల లెక్కతో అది చక్కగా కలిసిపోతుంది.

ఇక జీవులు. సాల్ట్‌మార్ష్ కథకు ప్రధాన శత్రువులు సాహుగిన్‌లు, అంటే సొరచేప పోలికలున్న సముద్ర జాతి. వీటికి రాక్షసులని పేరు పెట్టి ఆడించిన ఆటలను నేను చూశాను. ఆటగాళ్లు అదే కత్తితో అదే పద్ధతిలో పోరాడారు, పేరు మాత్రం నాలుగు నిమిషాలలో మరిచిపోయారు. నేను మాత్రం సుందరకాండలోని సింహికను తీసుకున్నాను. ఆమె ఛాయాగ్రాహి, సముద్రం మీదుగా వెళ్లేవారి నీడను పట్టి లాగుతుంది. హనుమంతుడి వేగం హఠాత్తుగా తగ్గిపోవడం, సుగ్రీవుడు చెప్పిన మాట గుర్తుకు రావడం, శరీరాన్ని కుదించి ఆమె నోటిలో ప్రవేశించి మర్మస్థానాలను చీల్చి బయటపడడం మనలో చాలామందికి చిన్నప్పటి నుంచి తెలిసిన కథే. ఆట నియమానికి కావలసినవన్నీ ఆ కథలోనే ఉన్నాయి.

ఓడ నీడ ఎంత పొడవుంటే సింహిక పట్టు అంత దూరం. మిట్టమధ్యాహ్నం నీడ ఓడ కిందే ముడుచుకుని ఉంటుంది కాబట్టి ప్రయాణం దాదాపు క్షేమం. మన తూర్పు తీరం వెంట వెళ్లే ఓడ నీడ ఉదయం పడమరగా, తీరం వైపు లోతులేని నీటిలో పడుతుంది. సాయంత్రం అదే నీడ తూర్పుగా, లోతైన నీటి మీద సాగుతుంది. అందువల్ల భయపడవలసినది సాయంత్రానికే. నీడ పట్టుబడితే ఓడ వేగం సగానికి పడిపోతుంది. తెరచాపలు దించితే నీడ చిన్నదవుతుంది, కానీ ఓడ ఆగిపోతుంది. ఎత్తి ఉంచితే ముందుకు కదలవచ్చు, కానీ ఆమె చేతికి దొరికే నీడ పెద్దదవుతుంది. మబ్బు పట్టే దాకా వేచి ఉండాలా, వెనుక తరుముకొస్తున్న శత్రువుల ఓడకు చిక్కకుండా సాగిపోవాలా అన్న వాదన మా ఆటలో పాచికలు వేసిన సమయం కంటే ఎక్కువసేపు నడిచింది. బయటి నుంచి కొట్టిన దెబ్బలు ఆమెకు సగమే తగులుతాయి. పూర్తిగా తగలాలంటే ఎవరో ఒకరు చిన్న పడవలో నోటిలోకి వెళ్లాలి. రాత్రి పూట ఓడ మీది దీపాలు కూడా నీళ్ల మీద నీడలు వేస్తాయని ఒక ఆటగాడు తనంతట తానే గ్రహించి దీపాలు ఆర్పించాడు. అది నేను రాసుకున్న నియమం కాదు, కానీ వెంటనే అంగీకరించాను.

తిమింగిలం గురించి ఎక్కువ చెప్పను, పుస్తకంలోని క్రాకెన్ అనే మహా సముద్ర జీవి పిల్ల కొలతలు దానికి సరిపోతాయి. మైనాకుడు మాత్రం మంచి ఆలోచన: సముద్ర మధ్యంలో లేచి విశ్రాంతి తీసుకోమని బతిమాలే పర్వతం. ఆగితే గాయాలు మానుతాయి, ఆగకపోతే గడువుకు చేరతారు. శత్రువు కాని ఇటువంటి జీవిని సాల్ట్‌మార్ష్‌లో మరికొంత విరివిగా చూపించి ఉండవలసింది.

మంత్రాల దగ్గర ఐదవ ఎడిషన్‌కు సముద్రంతో పొత్తు కుదరదు. మొదటి స్థాయి మంత్రంతోనే 10 గ్యాలన్ల మంచినీళ్లు పుడతాయి; మూడవ స్థాయి మంత్రంతో పదిమంది 24 గంటల పాటు నీటిలో ఊపిరి పీల్చగలరు. దాహమూ మునకా రెండూ భయపెట్టని సముద్రంలో దొంగల కథ ఎలా నడుస్తుంది? కొందరు ఆ మంత్రాలను నిషేధిస్తారు. నిషేధం కంటే మూల్యం కట్టడం మేలని నా అభిప్రాయం, ఆ మూల్యం ఎలా ఉండాలో తిరుపతి వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు కట్టడం మనం ఏటా చూస్తూనే ఉన్నాం. దాక్కున్న పాలెగాడిని బయటికి రప్పించడానికి అమ్మవారు రోజుకొక వేషంలో తిరిగిందని, దొర వేషంలో వచ్చినప్పుడు వాడు మోసపోయి బయటపడ్డాడని ఇక్కడి కథ. దాని నుంచి నేను తీసుకున్నది ఒక నియమం: నీటి మంత్రం వేయదలచిన పాత్ర ఆ రోజంతా ఒక వేషంలో ఉండాలి, ఆ వేషానికి తగిన వ్రతం పాటించాలి. బైరాగి వేషంలో ఉన్నంతసేపు దోచిన సొమ్ములో వాటా ముట్టరాదు. దొర వేషంలో ఉన్నవారు తాళ్లు లాగడం వంటి కళాసుల పని చేయరాదు. వ్రతం తప్పితే మంత్రం అప్పటికప్పుడే విడిపోతుంది, అది నీటి అడుగున జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. నేను వేషాన్ని నియమంగా తీసుకున్నాను గాని అమ్మవారికి హిట్ పాయింట్లు రాయలేదు, రాయను కూడా. భక్తితో మొక్కే దేవతను పాచికలతో ఓడించవలసిన ప్రాణిగా చూపితే, ఎదురుగా కూర్చున్న వారిలో ఒక్కరికి నొప్పి కలిగినా ఆట చెడుతుంది.

ఈ వేషాల పద్ధతి చరిత్రకు కూడా దగ్గరగానే ఉంటుంది, ఎందుకంటే సముద్రపు దొంగల ప్రధానమైన ఆయుధం పరాయి జెండాయే. 1698 జనవరిలో విలియం కిడ్ మన దేశపు పడమటి తీరం దగ్గర క్వెడా మర్చంట్ అనే సరకుల ఓడను పట్టుకున్నప్పుడు తన ఓడ మీద ఫ్రెంచి జెండా ఎగరేశాడు. అవతలివారు కూడా ఫ్రెంచి అనుమతి పత్రమే చూపించారు. ఆ పత్రం ఆధారంగా తాను చేసినది చట్టబద్ధమని కిడ్ వాదించినా, 1701లో లండన్‌లో అతన్ని ఉరితీశారు. సాల్ట్‌మార్ష్‌లోని చరిత్ర గ్రేహాక్ అనే కల్పిత లోకానిది. అక్కడి రాజుల పేర్లు గుర్తుపెట్టుకోవడానికి మనకు కారణమేమీ లేదు. దాని స్థానంలో 17వ శతాబ్దపు కోరమాండల్ తీరాన్ని పెడితే కాగితాల మీద నడిచే యుద్ధం వెంటనే మొదలవుతుంది. పోర్చుగీసు వారి కర్తాజ్ అనే అనుమతి పత్రం లేని ఓడ వారి దృష్టిలో దోచుకోదగినది. పులికాట్‌లో డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. చంద్రగిరి నుంచి ఏలిన ఆరవీటి రాజుల కింద నాయకుడైన దామెర్ల వేంకటాద్రి 1639లో ఇంగ్లీషు వారికి మద్రాసు స్థలం ఇచ్చాడు. చంద్రగిరి రాజమహల్ చూసి వచ్చిన ఆటగాడికి ఆ కొలువులోకి అడుగుపెట్టే దృశ్యాన్ని ప్రత్యేకంగా వర్ణించనక్కరలేదు. ఎవరి పత్రం కొనాలి, ఎవరి పత్రం దొంగతనంగా రాయించాలి, ఎవరి ముందు ఏది చూపాలి అన్నదే ఆట అవుతుంది.

దోపిడీ సొమ్ము కోసం పుస్తకంలో ఉన్న బంగారు నాణేల పట్టికలను నేను పక్కన పెట్టాను. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనంలో గంధపుచెక్క, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పగడాలు, మిరియాలు, పట్టు వంటి సరకుల మీద సుంకాల వివరాలున్నాయి. ఇంతకంటే మంచి దోపిడీ పట్టిక ఎవరు రాయగలరు? పైగా తుఫానుకు ఒడ్డున పడిన ఓడల సరకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాను సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆ శాసనం చెబుతుంది. అంటే ఓడ పగిలినప్పుడు సరకు ఎవరిదన్న తగాదా దానితోనే వస్తుంది. నాణేలను జేబులో వేసుకోవచ్చు. మిరియాల బస్తాలను మాత్రం అలల మీదుగా ఒడ్డుకు చేర్చాలి. సహజమైన రేవులు లేని ఈ తీరంలో పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే, మేకులు లేకుండా కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలు సరకును చేరవేసేవి. ఆ పడవవాళ్లు సహకరించకపోతే ఎంత గొప్ప దొంగకైనా చేతికి ఏమీ రాదు. కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి: అక్టోబరు వచ్చిందంటే ఈశాన్య రుతుపవనం, తుఫానులు. 1746 సెప్టెంబరులో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి నౌకాదళం మరుసటి నెల తుఫానులో చెల్లాచెదురైంది. పుస్తకంలో తుఫాను పాచిక పడితే వచ్చే ప్రమాదం మాత్రమే. ఇక్కడ దానికొక నెల ఉంది, దానిని తప్పించుకునే ప్రణాళిక వేయవచ్చు.

చరిత్రను తెచ్చుకున్నప్పుడు దానిలోని క్రూరత్వం కూడా వస్తుంది. 1695లో హెన్రీ ఎవరీ అనే ఇంగ్లీషు సముద్రపు దొంగ మొఘలుల గంజ్-ఇ-సవాయి ఓడను దోచిన సంగతి సంపద కథగా ప్రసిద్ధం, కానీ ఆ ఓడలో హజ్ యాత్ర నుంచి తిరిగి వస్తున్న స్త్రీలపై జరిగిన అత్యాచారాలు అందులో భాగమే. పులికాట్ నుంచి డచ్చివారు సరకులతో పాటు బానిసలను కూడా ఓడలెక్కించారు. ఈ విషయాలలో ఏది ఆటలో కనిపించవచ్చు, ఏది ప్రస్తావనకే పరిమితం కావాలి, ఏది అసలు రాకూడదు అని మొదటి ఆటకు ముందే అందరినీ విడివిడిగా అడగడం నా పద్ధతి, ఎందుకంటే నలుగురి ముందు అడిగితే మొహమాటానికి అందరూ సరేనంటారు. మా ఆటలో బందీలు కనిపించవచ్చు, వారిని విడిపించవచ్చు. వారిని అమ్మడం మాత్రం ఏ పాత్రకూ కుదరదు.

పుస్తకం కొనాలా వద్దా అని అడిగేవారికి ఒక వివరం. ఐదవ ఎడిషన్ మూల నియమాల పత్రం 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా లభిస్తోంది, మంత్రాలూ చాలా జీవులూ అందులోనే దొరుకుతాయి. కళాసుల సమర్థత అంకె, ఓడ అధికారుల బాధ్యతలు, నడిసముద్రంలో ఎదురయ్యే ప్రమాదాలు మాత్రం సాల్ట్‌మార్ష్ చివరి భాగంలోనివి. ఆటగాళ్లెవరికీ ఈ పుస్తకం అవసరం లేదు. ఆట నడిపేవారి దగ్గర ఒక్క ప్రతి ఉంటే చాలు.