రావిచెట్టు పుట్టినరోజు

యాంకర్: నమస్కారం. ఈసారి గుంటూరు బ్రాడీపేటలో ఒక రావిచెట్టు కింద కూర్చుని మాట్లాడుతున్నాం. ఇక్కడ ఎవరి ఇల్లయినా లైను, అడ్డరోడ్డు అంకెలతోనే చెబుతారు. ఈ వీధివాళ్లు మాత్రం ‘రావిచెట్టు దగ్గర ఆపండి’ అంటారు, ఆటోవాళ్లకు అది చాలు. మాస్టారూ, దీని పుట్టినరోజు ఎలా తెలిసింది?

మాస్టారు: తెలియలేదమ్మా. జీవితమంతా వృక్షశాస్త్రం చెప్పాను, దీని వయసు మాత్రం చెప్పలేను. ఆకులన్నీ రాల్చి, మళ్లీ రాగిరంగు చిగురు వేసింది. ఆ ఆదివారమే పుట్టినరోజు అనుకున్నాం.

యాంకర్: కేకు కోశారా?

మాస్టారు: గునపం పట్టాం! (నవ్వు) ఒకప్పుడు చందాలు వేసుకుని దీని చుట్టూ అరుగు కట్టించాం. మానుకు ఆనించి మరీ సిమెంటు పోయించాం. చందాలు వసూలు చేసినవాణ్ణి నేనే. నీళ్లు పీల్చే సన్న వేళ్లు ఎక్కువగా పైనున్న రెండడుగుల మట్టిలోనే ఉంటాయని, వాటికి గాలి ఆడాలని పిల్లలకు పాఠం చెబుతూనే ఆ పని చేశాను.

యాంకర్: మరి ఇన్నాళ్లకు ఎలా గుర్తొచ్చింది?

మాస్టారు: 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమంది. అది చదివినప్పుడు ఢిల్లీ సంగతి కదా అనుకున్నాను. నిరుడు ఒక కొమ్మ ఎండింది. అప్పుడు సిగ్గేసింది.

యాంకర్: ఆ మేకుల డబ్బా ఏమిటి?

మాస్టారు: హాస్టళ్లవీ ట్యూషన్లవీ బోర్డులు కొట్టిన మేకులమ్మా. సైకిల్ షాపు అబ్బాయి కటింగ్ ప్లేయరుతో ఒక పూటంతా పీకాడు. కొన్నిటిని బెరడు మింగేసింది, వాటి జోలికి పోలేదు. ఇంకో విచిత్రం చూడండి. దీని పళ్లు తిన్న గోరింకల రెట్టతో మా పిట్టగోడల మీద రావి మొక్కలు మొలుస్తాయి. వాటిని పీకి పారేసి, ఇక్కడికొచ్చి దీనికి దండం పెడతాం.

యాంకర్: అరుగు తీస్తే ఎవరూ కాదనలేదా?

మాస్టారు: ఎందుకనరు! ప్రదక్షిణలు చేసే ఆడవాళ్లు బురదలో ఎలా తిరగమన్నారు. న్యాయమే. మాను చుట్టూ మీటరు మట్టి వదిలి, ఆవల మాచర్ల నాపరాళ్లు పరిచాం. మధ్య సందుల్లో ఇసుకే, సిమెంటు లేదు. ఇస్త్రీ బండి మామ మొదటి బిందె పోశాడు. నీళ్లు ఇట్టే ఇంకిపోయాయి. ‘ఇంకో బిందె తెండిరా’ అని కేకేశాడు.