లియోన్ ఫ్లైషర్ కుడిచేయి

(చెన్నైలో తెలుగు పిల్లల సంగీత పోటీల బహుమతి ప్రదాన సభలో ఒక పియానో ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, న్యాయనిర్ణేతలకు, బహుమతులందుకొన్న పిల్లలకు, ఆదివారం పూట వారిని త్యాగరాయనగర్ దాకా వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. ఆహ్వానపత్రికలో నా అంశం చెన్నైలో పియానో విద్య అని అచ్చయింది. ఆ సంగతి చెప్పగలిగిన పెద్దలు ఈ వేదిక మీదే ఉన్నారు కనుక, నా సమయాన్ని లియోన్ ఫ్లైషర్ అనే ఒక్క పియానో విద్వాంసుడి కథకు కేటాయించడానికి అధ్యక్షుల అనుమతి కోరుతున్నాను.

ఫ్లైషర్ 1928లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. పదేళ్లు నిండకముందే పేరొందిన పియానో విద్వాంసుడు ఆర్తర్ ష్నాబెల్‌కు శిష్యుడయ్యారు. ష్నాబెల్ గురువు లెషెటిట్‌స్కీ, ఆయన గురువు చెర్నీ, చెర్నీ గురువు సాక్షాత్తు మహా స్వరకర్త బీతోవెన్. త్యాగరాజస్వామి తిరువయ్యారులో శిష్యులకు కృతులు నేర్పుతున్న రోజుల్లోనే వియన్నాలో మొదలైన పరంపర అది. ఆ విద్యతో ఫ్లైషర్ 1944లో, పదహారేళ్ల వయసులో, న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ అనే వాద్యబృందంతో వాయించారు. 1952లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ సంగీత పోటీలో ప్రథమ స్థానం పొందారు. ఆ పోటీని గెలిచిన మొదటి అమెరికన్ ఆయనే. జార్జ్ సెల్ నిర్వహణలో క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో కలిసి ఆయన రికార్డు చేసిన బీతోవెన్ పియానో కాన్సర్టోలు (పియానోకూ వాద్యబృందానికీ కలిపి రాసిన రచనలు) అయిదింటినీ నేటికీ విద్యార్థులకు వినిపిస్తాం.

1964లో, ముప్పై ఆరేళ్ల వయసులో, ఆయన కుడి చూపుడువేలు మందగించింది. మీలో చాలామందికి గురువులు ఏమి చెబుతారో ఆయన అదే చేశారు: సాధన పెంచారు. ఏడాది తిరగకుండా ఉంగరపు వేలూ చిటికెన వేలూ అరచేతిలోకి ముడుచుకుపోయాయి. దీనిని వైద్యులు ఫోకల్ డిస్టోనియా అంటారు. లోపం కండరంలో ఉండదు. ఒక్కొక్క వేలిని విడివిడిగా నడిపించవలసిన మెదడు ఆ హద్దులను పోగొట్టుకొంటుంది. అందువల్ల గంటలు పెంచితే తగ్గే జబ్బు కాదిది.

ఇక్కడ నేను ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. కొన్నేళ్ల క్రితం నా వద్ద నేర్చుకొన్న ఒక అమ్మాయికి పోటీకి ముందు మణికట్టు వాచి, చిటికెన వేలు తిమ్మిరెక్కింది. మరొక తేలికైన రచన వాయించనివ్వండని మేము నిర్వాహకులను అడిగితే, ఓర్చుకోవడం నేర్చుకోకపోతే కళాకారిణి ఎలా అవుతుందని ఆ పిల్ల ఎదుటే అన్నారు. ఆమె వాయించింది, బహుమతి తెచ్చుకొంది, ఆ తరువాత చాలా కాలం పియానో మూత తెరవలేదు. ఆమెకు వచ్చింది డిస్టోనియా కాదు, విశ్రాంతితో మానే వాపు మాత్రమే. ఆ విశ్రాంతిని ఇవ్వడానికి మన వద్ద సమయం లేకపోయింది. అమ్మల్లారా, అయ్యల్లారా, పిల్ల పాఠానికి కూర్చోగానే చెయ్యి ఎలా ఉందని అడగడానికి ఎంతసేపు పడుతుంది? వీణకైనా, వయొలిన్‌కైనా, మృదంగానికైనా ఈ ప్రశ్న ఒక్కటే. తిమ్మిరి గాని, పట్టు తప్పడం గాని కనిపిస్తే ఆ రోజు వాద్యం మూసివేయండి. తగ్గకపోతే నరాల వైద్యుని వద్దకు తీసుకొనిపోండి.

మళ్లీ ఫ్లైషర్ వద్దకు వస్తాను. ప్రాణం తీసుకోవాలన్నంత నిరాశ నుంచి బయటపడి, ఆయన బాల్టిమోర్‌లోని పీబాడీ విద్యాలయంలో పాఠాలు చెప్పారు, ఆర్కెస్ట్రాలు నిర్వహించారు, ఎడమచేతికి మాత్రమే రాసిన రచనలు వాయించారు. ఆ రచనలు ఉండటానికి కారణం మరొక గాయం. మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచేయి పోగొట్టుకొన్న పియానో విద్వాంసుడు పాల్ విట్గెన్‌స్టైన్ అడిగి రాయించుకొన్న కాన్సర్టోల్లో ఫ్రెంచి స్వరకర్త రవెల్ రచన ఒకటి. ఒకరికి జరిగిన నష్టం నుంచి పుట్టిన సంగీతం, దశాబ్దాల తరువాత మరొకరికి ఆసరా అయింది. 1982లో ఫ్లైషర్ రెండు చేతులతో వేదికెక్కితే శ్రోతలు మెచ్చుకొన్నారు. కాని చెయ్యి బాగుపడలేదని ఆయనకు తెలుసు, మళ్లీ ఎడమచేతికే మళ్లారు. చివరికి 1990ల్లో బొటాక్స్ అనే మందు సూదులూ, బిగిసిన కండరాలను సడలించే మర్దన చికిత్సా ఆ వేళ్లను చాలావరకు విప్పాయి. జబ్బు పోలేదు, అదుపులోకి వచ్చింది. 2004లో రెండు చేతులతో వాయించిన రికార్డు వెలువడింది. అందులో స్వరకర్త బాఖ్ రచనకు పియానో విద్వాంసురాలు మైరా హెస్ చేసిన పియానో రూపాన్ని వినండి. ఆర్భాటమేమీ లేదు, ప్రతి స్వరానికీ తగినంత బరువే ఉంది. ఆయన 2020లో కన్నుమూశారు.

కార్యదర్శి గారికి ఒక విన్నపం. మన పోటీల దరఖాస్తులో రోజుకు ఎన్ని గంటల సాధన అనే గడి ఒకటి ఉంది. పిల్లలు అందులో పెద్ద అంకె వేయడానికి పోటీపడుతున్నారు. వచ్చే ఏడాది దానిని తీసివేసి, చేతులకు ఏమైనా ఇబ్బంది ఉందా అనే గడి పెట్టండి. ఉందని రాసిన పిల్లకు రచన మార్చుకొనే వెసులుబాటును నియమావళిలోనే చేర్చండి. ముసాయిదా నేను రాసి తెచ్చాను, సభ ముగియగానే మీకు అందజేస్తాను.