పై పెదవి ఎత్తి చూడండి

శ్రోతలకు నమస్కారం.

ఉగ్గు తినిపిస్తుంటే ఒకరోజు చెంచా టక్కుమని తగులుతుంది. బిడ్డకు పన్ను వచ్చిందని ఇంట్లో అందరికంటే ముందు తెలిసేది అమ్మకే. ఆ చప్పుడు విన్న రోజు నుంచే తోమడం మొదలుపెట్టాలి. కానీ నా దగ్గరికి వచ్చే తల్లుల్లో చాలామంది అనే మాట, "పాలపళ్లే కదండీ, ఎలాగూ ఊడిపోతాయి."

నిజమే, ఊడిపోతాయి. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడినా, వెనక దవడ పళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉంటాయి. అన్నాళ్లూ నమలాల్సింది వాటితోనే. తరవాత రాబోయే పన్నుకు చోటు ఆపి ఉంచేవీ అవే.

మొన్న ఒకావిడ రెండేళ్ల బాబును తీసుకొచ్చింది. పై పెదవి ఎత్తి చూస్తే నాలుగు ముందు పళ్లూ గోధుమరంగుకు తిరిగి, అంచులు విరిగి ఉన్నాయి. కింది పళ్లు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి.

"రాత్రి సీసాపాలు తాగుతూ పడుకుంటాడా అమ్మా?"

"అవునండీ. ఒక్క చెంచా పంచదారే వేస్తాను. లేకపోతే నిద్రపోడు."

నిద్రలో ఉమ్మి తక్కువ ఊరుతుంది. తీపి పాలు పై పళ్ల చుట్టూ అలాగే నిలిచిపోయి వాటిని పుచ్చిపోయేలా చేస్తాయి. కింది పళ్లను నాలుక కప్పి కాపాడుతుంది. ఏడాది దాటిన బిడ్డకు ముందు పంచదార మానేసి, రాత్రి సీసాలో రోజుకు కాస్త చొప్పున నీళ్లు పెంచుతూ పోతే కొన్నాళ్లకు ఉత్త నీళ్లే మిగులుతాయి. రెండు మూడు రాత్రులు గోల చేస్తాడు, తప్పదు. చిగుళ్ల పక్కన పంటి మీద సుద్దలాంటి తెల్లగీత కనిపించినప్పుడే డాక్టరు దగ్గరికి వస్తే చాలావరకు అక్కడితో ఆపవచ్చు.

పళ్లు పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ ఉన్న పేస్టు మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆపైన ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. ప్రకటనల్లో బ్రష్ నిండా వంకీలు తిప్పి వేసేది పేస్టు అమ్ముకోవడానికే! నల్లగొండ వైపు తల్లులకు ఫ్లోరైడ్ పేరు వింటేనే భయం. ఫ్లోరైడ్ మరీ ఎక్కువున్న బోరు నీళ్లు తాగి పళ్లు గారపట్టిన వాళ్లను, ఎముకలు వంగిన వాళ్లను కళ్లారా చూశారు మరి. మీ నీళ్లు అలాంటివైతే పేస్టు సంగతి డాక్టరును అడిగే తేల్చుకోండి.

ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా బ్రష్ పిల్లలకే వదిలేయకండి. ఎందుకంటే ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే ఒక పెద్ద పన్ను వస్తుంది. దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. అది పోతే మళ్లీ రాదు.

నమస్కారం.