వెనుక బల్ల మీద కూర్చున్న ఉపాధ్యాయుడి పని

[దృశ్యం: నెల్లూరు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాల. రికార్డులు పట్టుకుని వరండాలో నిలబడిన ఛాత్రోపాధ్యాయులు, అంటే శిక్షణలో ఉన్న కాబోయే టీచర్లు.]

వ్యాఖ్యానం: పల్లిపాడు, మైనంపాడు డైట్‌లలో (జిల్లా విద్యా శిక్షణ సంస్థల్లో) చదివేవారైనా, బి.ఎడ్. కళాశాలల నుంచి వచ్చేవారైనా, పాఠం చెప్పడం నిజంగా నేర్చుకునేది మన బడుల్లోనే. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నాటి నిబంధనలతో బి.ఎడ్. రెండేళ్ల కోర్సయింది, మొదటి ఏడాది 4 వారాలు, రెండో ఏడాది 16 వారాలు పాఠశాలలో గడపాలి. ఇంత కాలం వారు మన చేతుల్లో ఉన్నప్పుడు, వెనుక బల్ల మీద కూర్చుని వారి పాఠం గమనించాల్సిన బడి టీచర్లమైన మనం రికార్డు మీద సంతకం పెట్టి పంపడం మార్గదర్శనం అనిపించుకోదు.

ఇందులో మొదట ఒక వారం తరగతి పరిశీలనకు కేటాయించారు. "ఈ పీరియడ్‌లో ఒక్కసారి కూడా నోరు విప్పని పిల్లలెవరో చూడండి" అని ఛాత్రోపాధ్యాయులకు ఒక పని అప్పగిస్తే, వారి చూపు మీ మీది నుంచి పిల్లల మీదికి మళ్లుతుంది.

[దృశ్యం: అల్లూరు మండలం, ఇసకపల్లి తీరంలోని ఉప్పు మడులు.]

వ్యాఖ్యానం: ఈ తీరపు బడిలో ఒక ఛాత్రోపాధ్యాయురాలు ఆరో తరగతికి బాష్పీభవనం చెబుతున్నారనుకుందాం. బీకరు బొమ్మ గీశారు, నిర్వచనం రాయించారు, గంట కొట్టేలోపు ముగించారు. పాఠ్యపథకంలో ఉన్నదంతా జరిగింది. కానీ సముద్రపు నీటిని మడుల్లో నిలిపి, అది ఎండకు ఇగిరిపోయాక ఉప్పు పోగుచేసే ఇళ్ల పిల్లలు ఎదుటే ఉన్నా, వారిని ఒక్క ప్రశ్నా అడగలేదు. అప్పుడు "పిల్లలతో మాట్లాడించండి" అన్న సలహా పెద్దగా పనికిరాదు. "మూడో వరుసలోని అబ్బాయి మడుల గురించి ఏదో అన్నాడు, విన్నారా? ఆ మాట నుంచి పాఠాన్ని ఎలా నడిపించేవారు?" అని అడగాలి; జవాబు ఆమె వెతుక్కునేదాకా మనం ఆగాలి.

ఈ సంభాషణ ఆ రోజే, లీజర్ పీరియడ్‌లో జరగాలి. పిల్లల ముందు మాత్రం తప్పు దిద్దవద్దు, సుద్దముక్క లాక్కోవద్దు; ఆ తర్వాత ఛాత్రోపాధ్యాయుల మాట తరగతిలో చెల్లదు.

మరో మాట గట్టిగా చెప్పాలి. సెలవులో ఉన్న టీచర్ల తరగతులన్నిటికీ వీరిని పంపడం అన్యాయం. ఎవరూ గమనించని పాఠం ఎన్నిసార్లు చెప్పినా, అందులోని లోపమే అలవాటవుతుంది. కళాశాల పర్యవేక్షకులు వచ్చినప్పుడు "బాగా చేస్తున్నారు" అని ఊరుకోక, గత వారం కంటే ఏది మెరుగైందో, ఏది ఇంకా పట్టుబడలేదో మీ పరిశీలన పుస్తకం తెరిచి చూపించండి.